పంట పురుగుల కడుపులో కాపురముండే సూక్ష్మజీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరి గట్ల మీద రైతులు, తరగతుల్లో వ్యవసాయ విద్యార్థులు నన్ను అడిగిన ప్రశ్నలివి. పురుగుకూ మొక్కకూ మధ్య గొడవ అని మనం అనుకునే దాంట్లో కంటికి కనపడని మూడో మనిషి ఉన్నాడు. పురుగు ఏ మొక్క మీద బతకాలో, ఏ మందుకు తట్టుకోవాలో, ఏ వైరస్‌ను మోయాలో చాలాసార్లు తేల్చేది ఆ మూడో మనిషే. ఈ సంగతి తెలిశాక చేలో రోజూ చూసేవే నాకు వేరుగా కనిపించడం మొదలైంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పురుగు కడుపులో బ్యాక్టీరియా ఉంటే నా పంటకేంటి?

ఆవు తిన్న గడ్డిని అరిగించేది దాని పొట్టలోని సూక్ష్మజీవులు. పశువులున్న ఇంట్లో ఇది అందరికీ తెలుసు, నెమరు ఆగితే కంగారుపడేది అందుకే. పురుగుల్లోనూ ఇంచుమించు ఇదే కథ, ఇంకా లోతుగా నడుస్తుంది. మొక్క ఎవరికీ తేలిగ్గా లొంగదు. దాని రసంలో పోషకాలు సరిపడా ఉండవు, ఆకుల్లో చేదు పదార్థాలు, విషాలు ఉంటాయి. కొరికిన కొద్ది గంటల్లోనే మొక్క ఎదురుతిరిగే ఏర్పాట్లు చేసుకుంటుంది. ఈ అడ్డంకులు దాటడానికి చాలా పురుగులు సూక్ష్మజీవుల సాయం తీసుకుంటాయి. ఆ సాయం లేకపోతే వాటిలో కొన్ని మీ చేలో ఒక్క తరం కూడా గడపలేవు.

అన్ని పురుగుల్లోనూ ఉంటాయా?

ఏదో ఒక రకంగా ఉంటాయి, కానీ చుట్టరికం ఒకేలా ఉండదు. రసం పీల్చే పురుగుల్లో, అంటే పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, సుడిదోమ లాంటి వాటిలో బంధం చాలా గట్టిది. ఆ సూక్ష్మజీవులు పురుగు ఒంట్లోని ప్రత్యేక కణాల లోపల ఉంటాయి, తల్లి నుంచి పిల్లకు గుడ్డులోనో పిండంలోనో చేరిపోతాయి. ఒకదాన్ని విడిచి ఒకటి బతకలేదు. వీటికి తోడు, ఉన్నా లేకపోయినా పురుగు బతికేసే అద్దెదారులు కొన్ని ఉంటాయి. అవి ఉంటే మాత్రం పురుగుకు కొత్త శక్తులొస్తాయి.

ఆకు తినే గొంగళిపురుగుల సంగతి వేరు. వాటి పేగు గొట్టంలా తిన్నగా ఉంటుంది, లోపల క్షారం ఎక్కువ, మేత వేగంగా సాగిపోతుంది. చాలా గొంగళిపురుగుల్లో స్థిరంగా కాపురముండే బ్యాక్టీరియా దాదాపు లేదని, ఉన్నది ఎక్కువగా ఆకుతో పాటు లోపలికి వెళ్లిందేనని 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. కాబట్టి శనగపచ్చ పురుగునూ పేనుబంకనూ ఒకే గాటన కట్టకండి. ఆకుతో వెళ్లిన బాటసారి బ్యాక్టీరియా కూడా పని చేయగలదు, ఆ సంగతి కింద చెప్తాను.

పేనుబంక ఉత్త రసం తాగి అంత వేగంగా ఎలా పెరుగుతుంది?

పేనుబంక తాగేది మొక్క ఆహారనాళాల్లోని రసం. అందులో చక్కెర దండిగా ఉంటుంది, మాంసకృత్తులు కట్టుకోవడానికి కావాల్సిన అమైనో ఆమ్లాలు మాత్రం బాగా తక్కువ. మనిషికైనా పురుగుకైనా కొన్ని అమైనో ఆమ్లాలు సొంతంగా తయారు చేసుకునే శక్తి లేదు, తిండిలోనే దొరకాలి. ఉత్త చక్కెర నీళ్లతో పిల్లల్ని పెంచమన్నట్టు ఉంటుంది పేనుబంక పరిస్థితి.

ఆ లోటు తీర్చేది బుక్నెరా అనే బ్యాక్టీరియా. జర్మనీ శాస్త్రవేత్త పాల్ బుక్నర్ పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. పేనుబంక ఒంట్లో దానికోసమే ఉన్న పెద్ద పెద్ద కణాల్లో ఉంటూ, రసంలో దొరికే చవక రకం అమైనో ఆమ్లాలను తీసుకుని పురుగుకు తప్పనిసరైన వాటిగా మార్చి ఇస్తుంది. ఈ కాపురం 16 కోట్ల ఏళ్లకు పైబడినదని అంచనా. ఇన్ని తరాలు లోపలే ఉండిపోవడంతో బుక్నెరా తనకు అక్కర్లేని జన్యువులను వదిలేసుకుంది. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు దాని జన్యుపటాన్ని చదివితే సుమారు 6.4 లక్షల డీఎన్ఏ అక్షరాలే ఉన్నాయి, మన పేగుల్లోని ఈ-కొలై బ్యాక్టీరియాలో ఉన్నదాంట్లో ఏడో వంతు. పురుగుకు కావాల్సిన అమైనో ఆమ్లాలు తయారు చేసే జన్యువులను మాత్రం అది పోగొట్టుకోలేదు. నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం అదే.

ల్యాబ్‌లో యాంటీబయాటిక్ ఇచ్చి బుక్నెరాను చంపేస్తే పేనుబంక వెంటనే చావదు. గిడసబారిపోతుంది, పిల్లల్ని పెట్టలేదు. మామూలుగా అయితే తల్లి కడుపులో కూతురు, ఆ కూతురి కడుపులో అప్పుడే మొదలైన మనవరాలు ఉంటాయి. వాటన్నిటికీ బుక్నెరా అప్పటికే పంచిపెట్టి ఉంటుంది. వారం తిరిగేసరికి బెండ మొవ్వంతా నల్లగా కమ్ముకుపోవడం వెనక ఉన్నది ఈ ఏర్పాటే.

మరి మిగిలిన చక్కెర ఏమవుతుంది? వెనకనుంచి జిగురుగా కారిపోతుంది. దాని కోసం చీమలు వస్తాయి, దాని మీద నల్లటి మసి పెరుగుతుంది. ఆకు మీద మసి కనిపించినప్పుడు ఆకు వెనక్కి తిప్పి చూడమనేది అందుకే.

వరిలో సుడిదోమకూ ఇలాంటి తోడు ఉందా? యూరియా ఎక్కువైతే దోమ పెరుగుతుందంటారు, దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. దుబ్బును చేత్తో వంచి నీటికి కాస్త పైన మొదట్లో చూడండి. గోధుమ రంగు పురుగులు బారులు తీరి ఉంటాయి, తడితే పక్కకు జారుకుంటాయి, కొన్ని నీళ్లలోకి దూకుతాయి. వాటి పొట్టలోని కొవ్వు కణాల్లో ఉండేది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్ లాంటి శిలీంధ్రం. బ్రెడ్ పిండి పొంగించే ఈస్ట్‌కు దూరపు చుట్టం అనుకోవచ్చు. ఆడపురుగు గుడ్డు పెట్టేలోపే ఈ ఈస్ట్ గుడ్డులోకి చేరి ఒక కొసన ముద్దగా కూర్చుంటుంది.

ఇది చేసే పనులు మూడు. అమైనో ఆమ్లాలు తయారు చేస్తుంది. పురుగు సొంతంగా చేసుకోలేని స్టెరాల్స్ అనే కొవ్వు రకం పదార్థాలు ఇస్తుంది, తోలు విడిచి పెద్దదవడానికి అవి కావాలి. మూడోది నాకు ఎంతో తెలివైన పనిగా తోస్తుంది: పురుగు ఒంట్లో వ్యర్థంగా తయారయ్యే యూరిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టి అందులోని నత్రజనిని మళ్లీ వాడుకునేలా చేస్తుంది. మనం పేడను మళ్లీ చేలోకి తోలుకున్నట్టు. అందుకే నత్రజని తక్కువ ఉన్న రసం మీద కూడా సుడిదోమ బతుకుతుంది.

ఇప్పుడు యూరియా సంగతి. తక్కువలోనే బతికే ఏర్పాటు ఉన్న పురుగుకు రసంలో నత్రజని ఎక్కువ దొరికితే గుడ్లు ఎక్కువ పెడుతుంది, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. ఇది ఎన్నోసార్లు రుజువైంది. చేను ముదురు పచ్చగా నిగనిగలాడాలని సిఫార్సుకు మించి బస్తా వేస్తే ఆ విందు వరి ఒక్కదానికే కాదు.

తట్టుకునే రకాలతోనూ దీనికి లింకు ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో ఐఆర్ 26 అనే సుడిదోమను తట్టుకునే రకాన్ని ఇచ్చింది. రెండు మూడేళ్లకే దోమ దానికి అలవాటు పడిపోయింది. ఆ అలవాటు పడటంలో ఈస్ట్ చేయి ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. కొంత ఉంది, అంతా అదే కాదు అన్నది నా అభిప్రాయం. మన దగ్గర మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన విజేత లాంటి రకాలు సుడిదోమను కొంత తట్టుకుంటాయి, సాంబ మసూరి తట్టుకోదు. ఊరంతా ఒకే రకం వేసి, ఒకే మందు కొట్టి, ఏళ్ల తరబడి అదే చేస్తే పురుగూ దాని తోడూ కలిసి దారి వెతుక్కుంటాయి.

ఒక సూక్ష్మజీవి మారితే పురుగు చీడగా మారుతుందా?

మారుతుందని చూపిన ప్రయోగం ఒకటుంది. ఈ విషయం మీద ఎవరితో మాట్లాడినా నేను ముందు చెప్పేది దీని గురించే.

జపాన్‌లో చిక్కుడు జాతి మొక్కల మీద గుండ్రంగా, పెంకు కప్పినట్టుండే రెండు జాతుల పురుగులున్నాయి, రెండూ దగ్గరి చుట్టాలు. ఒకటి ప్రధాన దీవుల్లో సోయాబీన్‌కు పెద్ద చీడ. రెండోది దక్షిణాన ఒకినావా వైపు ఉంటుంది, అది సోయాబీన్ జోలికి పెద్దగా రాదు. రెండిటి పేగుల్లోనూ ఇషికావెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. తల్లి గుడ్లు పెట్టేటప్పుడు వాటి కింద ఆ బ్యాక్టీరియా నింపిన చిన్న చిన్న గోధుమ రంగు గుళికలు పెట్టి వెళ్తుంది. పిల్ల బయటకు రాగానే ముందు చేసే పని ఆ గుళికను పీల్చడం.

2007లో అచ్చయిన ప్రయోగంలో శాస్త్రవేత్తలు ఈ గుళికలను తారుమారు చేశారు. దీని పిల్లలకు దాని గుళిక, దాని పిల్లలకు దీని గుళిక. పురుగులు అవే, జన్యువులు అవే. కానీ చీడ కాని పురుగు సోయాబీన్ మీద బాగా పిల్లల్ని పెంచింది, అసలు చీడ పురుగు పెట్టిన గుడ్లు చాలావరకు పొదగలేదు. అంటే సోయాబీన్ మీద బతకగలగడం పురుగు నుంచి కాక, దాని పేగులోని బ్యాక్టీరియా నుంచి వచ్చింది. పురుగుకు పేరుపెట్టి చీడ అని రాసుకున్న మన పుస్తకాలన్నీ ఒక్కసారి ఆగి చూసుకోవాల్సిన ఫలితం ఇది.

ఈ కుటుంబంలోని ఒక జాతి 2009లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మొదటిసారి కనిపించింది, కొద్ది ఏళ్లకే అక్కడి సోయాబీన్ రైతులకు తలనొప్పిగా తయారైంది.

మొక్క చూస్తూ ఊరుకోదు కదా?

ఊరుకోదు. మొక్కలకు ప్రధానంగా రెండు అలారాలున్నాయి. ఆకు కొరికే పురుగు పడితే జాస్మోనిక్ ఆమ్లం దారి తెరుచుకుంటుంది. పురుగు కడుపులో ఆకు అరగకుండా చేసే పదార్థాలు తయారవుతాయి. బ్యాక్టీరియా, వైరస్ లాంటి రోగాలు సోకితే సాలిసిలిక్ ఆమ్లం దారి తెరుచుకుంటుంది. చిక్కేమిటంటే ఈ రెండూ ఒకేసారి గట్టిగా నడవవు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది.

ఈ బలహీనతను కొలరాడో బంగాళాదుంప పెంకుపురుగు వాడుకుంటుంది. ఈ పురుగు మన దేశంలో లేదు, అమెరికాలో, యూరప్‌లో పెద్ద చీడ. దాని పిల్లపురుగు టమాటా ఆకు కొరికేటప్పుడు నోటి నుంచి కొంత ద్రవం గాయం మీద పడుతుంది, అందులో పేగు బ్యాక్టీరియా ఉంటుంది. మొక్క దాన్ని చూసి రోగం వచ్చిందనుకుని సాలిసిలిక్ దారి తెరుస్తుంది, పురుగు మీద పనిచేయాల్సిన జాస్మోనిక్ దారి మూసుకుపోతుంది. 2013లో వచ్చిన ఆ పరిశోధనలో, యాంటీబయాటిక్‌తో బ్యాక్టీరియా పోగొట్టిన పిల్లపురుగులు తిన్న ఆకులో రక్షణ గట్టిగా ఉంది, ఆ పురుగులు సరిగా ఎదగలేదు. ఇంట్లోకి దొంగ వస్తే ఊరంతా మంటలు ఆర్పడానికి పరిగెత్తినట్టయింది టమాటా పని.

మన మొక్కజొన్నను తినే కత్తెర పురుగు మీద కూడా ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. 2018లో కర్ణాటకలో కనిపించి, తర్వాత మన జిల్లాలన్నీ చుట్టేసిన పురుగే అది. దాని నోటి ద్రవంలోని బ్యాక్టీరియాకు టమాటా ఒకలా, మొక్కజొన్న ఇంకోలా స్పందించాయి. కొన్ని రక్షణలు తగ్గాయి, కొన్ని పెరిగాయి. అంటే ఒకే బ్యాక్టీరియా ఒక పంట మీద పురుగుకు సాయం చేసి, ఇంకో పంట మీద దాన్ని పట్టించవచ్చు.

మొక్క ఆ సూక్ష్మజీవులనే పురుగు మీదికి తిప్పగలదా?

తిప్పగలదు. పేనుబంక లాలాజలంలో బుక్నెరా తయారుచేసే ఒక ప్రోటీన్ మొక్కలోకి వెళ్తుంది. మొక్క దాన్ని పసిగట్టి రక్షణ పెంచుతుందని 2014లో తేలింది. దొంగ తన వెంట తెచ్చుకున్న కుక్కే మొరిగి పట్టించినట్టు.

కత్తెర పురుగు విషయంలో ఇంకా కఠినంగా ఉంటుంది. మొక్కజొన్న ఆకు మీది నూగు, కొన్ని మొక్కజొన్న రకాలు తయారు చేసే ఒక ప్రత్యేక ఎంజైము కలిసి పురుగు పేగు లోపలి పొరకు చిల్లులు పెడతాయి. అప్పటిదాకా పేగులో నిమ్మళంగా ఉన్న బ్యాక్టీరియా ఆ చిల్లుల్లోంచి ఒంట్లోకి దూరి పురుగును జబ్బుపడేలా చేస్తుంది. 2019లో అమెరికా పరిశోధకులు దీన్ని చూపించారు. పైన బాటసారి బ్యాక్టీరియా అన్నానే, అది ఇక్కడ పనిలోకి దిగింది.

మొక్కల్లో ఉండే విషాలను పురుగు ఎలా అరిగించుకుంటుంది?

చాలావరకు సొంత ఎంజైములతోనే. కొన్నిసార్లు మాత్రం ఆ పని పూర్తిగా బ్యాక్టీరియాకు అప్పజెప్పేస్తుంది. కాఫీ కాయతొలుచు పురుగు ఇందుకు మంచి ఉదాహరణ. కెఫీన్ మనకు హుషారు, పురుగులకు విషం. కాఫీ గింజలోనే పుట్టి, అక్కడే తిని, అక్కడే పిల్లల్ని పెట్టే ఈ చిన్న నల్ల పురుగు కెఫీన్‌తో ఎలా నెగ్గుకొస్తోందో చాలాకాలం తెలియలేదు. 2015లో జవాబు దొరికింది. దాని పేగులోని సూడోమోనాస్ ఫుల్వా అనే బ్యాక్టీరియా కెఫీన్‌ను విరగ్గొట్టి తినేస్తోంది. యాంటీబయాటిక్‌తో ఆ బ్యాక్టీరియాను తీసేస్తే కెఫీన్ అరగకుండా అలాగే బయటకు వచ్చింది, పురుగు సంతానం దాదాపు పూర్తిగా పడిపోయింది. బ్యాక్టీరియాను తిరిగి ఎక్కిస్తే కెఫీన్‌ను విరిచే శక్తి మళ్లీ వచ్చింది.

ఈ పురుగు 1990లో నీలగిరి ప్రాంతంలో మన దేశానికి చేరింది. 2025లో అరకు లోయ తోటల్లోనూ కనిపించింది. అక్కడి గిరిజన రైతులు ఎన్నో ఏళ్లు కష్టపడి కాఫీకి తెచ్చుకున్న పేరు గుర్తొచ్చి ఆ వార్త చదివిన రోజు మనసు బాగోలేదు. రాలిన కాయలూ, చెట్టు మీద మిగిలిపోయిన కాయలూ ఏరేయడమే ఇప్పటికీ దీనికి ముఖ్యమైన పని, ఎందుకంటే పురుగు ఒక పంట నుంచి ఇంకో పంటకు దాటేది వాటిలో దాక్కునే.

ఆలివ్ కాయ ఈగకూ ఇలాగే ఒక బ్యాక్టీరియా ఉంది. పచ్చి ఆలివ్‌లోని చేదును తట్టుకుని దాని పిల్లపురుగు పెరగాలంటే అది ఉండాల్సిందే. అమెరికాలో మొక్కజొన్న వేరుపురుగు ఒకటి, పంట మార్పిడిగా వేసిన సోయాబీన్ చేలోకి కూడా వెళ్లడం నేర్చుకుంది. అక్కడ సోయా ఆకును కొంతకాలం తట్టుకోవడానికి దాని పేగు బ్యాక్టీరియా సాయపడుతున్నట్టు 2013లో గుర్తించారు.

మినుములో పల్లాకు తెగులు, టమాటాలో ఆకుముడత తెల్లదోమ వల్లే వస్తాయి కదా. వైరస్‌కూ ఈ సూక్ష్మజీవులకూ సంబంధం ఉందా?

ఉంది, ఈ భాగం నన్ను ఎక్కువ ఆందోళన పెడుతుంది. తెల్లదోమలో పోర్టియెరా అనే శాశ్వత తోడుతో పాటు హ్యామిల్టొనెల్లా, రికెట్సియా, వోల్బాకియా, ఆర్సెనోఫోనస్ లాంటి అద్దెదారులు రకరకాల కలయికల్లో ఉంటాయి. టమాటా ఆకుముడత వైరస్ తెల్లదోమ పేగు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి లాలాజల గ్రంథులకు ప్రయాణం చేయాలి. దారిలో దోమ శరీరం దాన్ని నాశనం చేయగలదు. హ్యామిల్టొనెల్లా తయారు చేసే ఒక ప్రోటీన్ వైరస్‌ను అంటిపెట్టుకుని గొడుగులా కాపాడుతుందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2010లో చూపారు. ఆ బ్యాక్టీరియా లేని దోమలు వైరస్‌ను సరిగా అంటించలేకపోయాయి. పత్తి ఆకుముడత వైరస్ విషయంలో ఆర్సెనోఫోనస్ ప్రోటీన్ కూడా వైరస్‌ను పట్టుకుంటుందని భారతీయ పరిశోధకులు గమనించారు. వరిలో ఒక పచ్చదోమ జాతి గుడ్లలోకి చేరడానికి వరి గిడసబారు వైరస్ ఆ దోమలోని బ్యాక్టీరియా మీద ఎక్కి వెళ్తుంది, ఇది 2017 నాటి ఫలితం.

ఇక వేగం సంగతి. అమెరికాలోని అరిజోనా ప్రాంతంలో రికెట్సియా ఉన్న తెల్లదోమలు మొదట నూటికి ఒకటి ఉండేవి. ఆరేళ్లలో నూటికి 97 అయ్యాయి. ఆ బ్యాక్టీరియా ఉన్న దోమలు ఎక్కువ పిల్లల్ని పెట్టాయి, త్వరగా ఎదిగాయి, వాటి సంతానంలో ఆడవే ఎక్కువ. ఒక ప్రాంతం పొలాల్లో పురుగు స్వభావం ఆరేళ్లలో మారిపోయింది, పైకి చూస్తే అదే తెల్లదోమ.

ఇంకో సంగతి. రికెట్సియా ఉన్న దోమ రసం పీల్చిన ఆకులోకి కొంత బ్యాక్టీరియా చేరుతుంది, ఆ ఆకునే పీల్చిన మరో దోమకు అది అంటుకుంటుంది. మొక్క ఇక్కడ బస్టాండ్‌లా పనిచేస్తోంది.

మందులు పనిచేయకపోవడానికి ఇవీ కారణమా?

కొన్నిచోట్ల అవును. కంది, బొబ్బర్ల కాయల మీద పొడుగు కాళ్ల నల్లి ఒకటి చూసే ఉంటారు, దాని పిల్ల అచ్చం చీమలా ఉంటుంది. ఆ నల్లి పేగులో బర్ఖోల్డేరియా జాతి బ్యాక్టీరియా ఉంటుంది. విచిత్రమేమిటంటే ఇది తల్లి నుంచి రాదు. ప్రతి తరం పిల్లా నేలలోంచి కొత్తగా తెచ్చుకోవాలి.

జపాన్‌లో ఒకే పురుగుమందును మళ్లీ మళ్లీ పోసిన మట్టిలో ఆ మందునే తిని బతికే బర్ఖోల్డేరియా పెరిగింది. ఆ మట్టి మీద పెరిగిన నల్లి పిల్లలు ఆ బ్యాక్టీరియాను ఎక్కించుకుని ఒక్క తరంలోనే మందుకు తట్టుకోవడం మొదలుపెట్టాయి. 2012లో ఇది అచ్చయింది. నిరోధకత అంటే ఎన్నో తరాలు పట్టే పని అని చదువుకున్న మాకు ఇది దెబ్బలాంటి వార్త. మందు కొట్టిన మట్టే పురుగుకు విరుగుడు అందించింది.

అయితే మీ చేలో మందు పనిచేయని ప్రతిసారీ కారణం ఇదే అనుకోవద్దు. పురుగు సొంత జన్యువుల్లో మార్పు, నకిలీ మందు, తక్కువ నీళ్లతో పైపైన కొట్టడం, సుడిదోమకు దుబ్బు మొదట్లో పడకుండా ఆకుల మీద కొట్టడం, ఇవి ఎక్కువ. మా బంధువుల చేలో ఒకసారి మూడుసార్లు కొట్టినా దోమ తగ్గలేదు. వెళ్లి చూస్తే మొదళ్లు పొడిగా ఉన్నాయి, మందంతా పై ఆకుల మీదే ఎండిపోయింది.

మిత్ర పురుగులు, బదనికలు ఒక్కోసారి ఎందుకు విఫలమవుతాయి?

పేనుబంక ఒంట్లో గుడ్డు పెట్టి లోపలి నుంచి తినేసే చిన్న కందిరీగలున్నాయి. ఆకు మీద ఉబ్బిపోయి గోధుమ రంగులో ఎండిన పేనుబంక కనిపిస్తే అది వాటి పనే. బఠాణీ పేనుబంకలో కొన్నిటికి హ్యామిల్టొనెల్లా ఉంటుంది. అది ఉంటే కందిరీగ పిల్ల లోపలే చచ్చిపోతుంది. నిజానికి చంపే విషం ఆ బ్యాక్టీరియా లోపల ఉండే ఒక వైరస్ నుంచి వస్తుంది. ఆ వైరస్ పోతే రక్షణా పోతుంది. మొక్క మీద పురుగు, పురుగులో బ్యాక్టీరియా, బ్యాక్టీరియాలో వైరస్. కందిరీగలు లేని చోట ఈ కాపలాదారును మోయడం పేనుబంకకు భారమే, అందుకే అక్కడ దాని వాటా తగ్గుతూ వస్తుంది. అక్షింతల పురుగు పేనుబంకను నమిలి మింగేస్తుంది కాబట్టి దానికి ఈ అడ్డు లేదు.

ఆకు పండిపోయినా అక్కడక్కడ పచ్చగా మిగిలే మచ్చలు వీటి పనేనా?

ఒక ఉదాహరణ తెలుసు. యూరప్‌లో ఆపిల్ ఆకు పొరల మధ్య తొలుచుకుంటూ బతికే పురుగు ఒకటుంది. ఆకు పండి రాలిపోయాక కూడా పురుగున్న చోట పచ్చగా ఉంటుంది. యాంటీబయాటిక్ ఇస్తే ఆ పచ్చదనం పోయింది. పురుగులోని వోల్బాకియా వల్ల ఆకు ముసలిదవకుండా ఆపే హార్మోను అక్కడ చేరుతోందని 2010లో తేల్చారు.

అయితే యాంటీబయాటిక్ పిచికారీ చేస్తే పురుగు పోతుంది కదా?

దయచేసి చేయకండి. ఈ ప్రశ్న ప్రతి సమావేశంలో వస్తుంది, ప్రతిసారీ ఇదే చెప్తాను. ల్యాబ్‌లో కొలిచి తినిపించడం వేరు, ఎకరం చేను మీద చల్లడం వేరు. పురుగు కణాల లోపలున్న బ్యాక్టీరియాకు చాలినంత మందు చేలో అందదు. సుడిదోమలో ఉన్నది శిలీంధ్రం, దానికి బ్యాక్టీరియా మందు పట్టదు. నేలలో, కాలువల్లో ఉన్న వేరే బ్యాక్టీరియా మాత్రం ఆ మందుకు అలవాటు పడుతుంది. రేపు మీ ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే వాడాల్సిన మందులవి.

ఎండలు ముదిరితే ఈ సూక్ష్మజీవులు చస్తాయా?

కొన్ని తగ్గుతాయి. సుడిదోమను 35 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచితే లోపలి ఈస్ట్ బాగా పడిపోతుంది. ల్యాబుల్లో ఈస్ట్ తగ్గించడానికి వాడే పద్ధతి ఇదే. బుక్నెరాలో వేడిని తట్టుకునే ఒక జన్యువు ముందు ఒక్క అక్షరం ఎగిరిపోతే ఆ పేనుబంక వేడి తగిలాక పిల్లల్ని పెట్టలేదు. చల్లగా ఉంటే మాత్రం మిగతా వాటికన్నా బాగుంటుంది. సెరాషియా అనే అద్దెదారు ఉన్న పేనుబంక వేడిని కాస్త బాగా ఓర్చుకుంటుంది.

దీన్ని పురుగు మీద ఆయుధంగా వాడే పరిశోధనలు ఉన్నాయా?

ఉన్నాయి. చైనాలో పరిశోధకులు మరో సుడిదోమ జాతిలోని వోల్బాకియా బ్యాక్టీరియాను మన వరి సుడిదోమ జాతిలోకి ఎక్కించారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం అది తరతరాలకూ నిలిచింది, దోమ మోసే ఒక వరి వైరస్‌ను అణిచింది. తామర పురుగు పేగులోని బ్యాక్టీరియాను మార్చి, పురుగుకు అవసరమైన జన్యువును అదే ఆపేసేలా చేసే ప్రయోగాలూ జరిగాయి. ఇవి చేలోకి రావడానికి ఇంకా దూరం ఉంది. ఈ పేరు చెప్పి ఇప్పుడే ఎవరైనా సీసా అమ్మితే ఆధారం అడగండి.

రైతుగా ఇప్పుడు నేను చేయగలిగిందేమిటి?

నత్రజనిని విడతలుగా, సిఫార్సు మేరకే వేయండి. వరిలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయండి, మధ్యమధ్యలో నీరు తీసి ఆరబెట్టండి. ఒకే రకం మందు వరుసగా కొట్టకండి. పల్లాకు తెగులు వచ్చిన మినుము మొక్కలను తొలిరోజుల్లోనే పీకేయండి, అవి వైరస్‌కు గిడ్డంగులు. గట్ల మీద కలుపును వదలకండి, తెల్లదోమకు అదీ ఒక బస్టాండే. ఇవన్నీ మీకు ఇదివరకు చెప్పినవే. ఎందుకు పనిచేస్తాయో పైన చదివారు.

ఇందులో నా కంటితో చూడగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. చిక్కుడు పాదు ఉంటే చలికాలంలో లేత తీగలు, ఆకుల వెనక వెతకండి. కందిగింజంత, పచ్చ పసుపు రంగులో, గుండ్రంగా వీపు ఉబ్బిన పురుగులు గుంపుగా ఉంటాయి. ముట్టుకుంటే ఘాటు వాసన. జపాన్‌లో గుళికలు మార్చిన పురుగుల కుటుంబమే ఇవి. దగ్గర్లో రెండు వరుసలుగా పేర్చిన తెల్లటి గుడ్లు కనిపిస్తాయి. పది రూపాయల బిళ్లంత భూతద్దం పెట్టి గుడ్ల కింద చూడండి. మూడు నాలుగు గుడ్లకు ఒకటి చొప్పున ముదురు గోధుమ రంగు చుక్కలుంటాయి, అవే గుళికలు. పొదిగే రోజు ఉదయాన్నే చూస్తే ఇంకా మంచిది. పిల్లలు గుడ్డులోంచి వచ్చి, ఆకు జోలికి పోకుండా వెనక్కి తిరిగి, ముక్కు ఆ చుక్కలో గుచ్చి కదలకుండా నిలబడతాయి. సూదితో ఒక వరుసలోని గుళికలు తీసేసి చూడండి. ఆ పిల్లలు మాత్రం ఒకచోట కుదురుకోవు, తీగంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.